గొల్లపల్లిలో మెట్లు లెక్కపెట్టాను

అన్నయ్య విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాడు. మాఘంలో గృహప్రవేశం. వచ్చిన చుట్టాలకి స్టీలు గిన్నెలు గానీ ప్లాస్టిక్ డబ్బాలు గానీ పంచడం నాకూ వదినకీ ఇష్టం లేదు. చూడగానే మన వైపు గుర్తొచ్చే వస్తువు ఏదైనా ఇవ్వాలనుకున్నాం. ఆ వెతుకులాటతోనే కార్తీకమాసంలో ఇద్దరం మూడు రోజులు తిరిగాం.

ముందు ఊళ్ళోనే చూశాం. గంటస్తంభం దగ్గర ఒక కొట్లో ఫ్రిజ్‌కి అతికించుకునే బొమ్మలు, తాళంచెవుల గొలుసులు, బల్ల మీద పెట్టుకునే అలంకారాలు ఉన్నాయి. వాటిలో జానెడు గంటస్తంభం బొమ్మ కూడా కనిపించింది. ముచ్చటపడి చేతిలోకి తీసుకున్నాను గానీ ఏదో తేడాగా అనిపించింది. కొట్టు గుమ్మంలోకి వచ్చి అసలు స్తంభం వైపు చూస్తే తెలిసింది. 1885లో కట్టిన మా స్తంభానికి ఎనిమిది పలకలు, బొమ్మకి నాలుగే. ఎక్కడిదో అచ్చు పోసి, కింద మా ఊరి పేరు రాసేశారు. చిన్నప్పుడు రోజూ ఆ స్తంభం పక్కనించే బడికెళ్ళినదాన్ని, నాకు మనసొప్పలేదు. పెట్టేసి వచ్చేశాం.

"మా బుడితి వెళ్దాం పద" అంది వదిన. వదిన పుట్టిల్లు నరసన్నపేట. ఆ రాత్రి వాళ్ళింట్లో పడుకుని పొద్దున్నే ఆటోలో బయల్దేరాం.

బుడితి శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో ఉంది. ఇత్తడికీ కంచుకీ పేరున్న ఊరు. మేం వెళ్ళేసరికి ఒకాయన బంకమట్టి ముద్ద మీద మైనం పూత వేస్తున్నాడు. దాని మీద మళ్ళీ మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ మైనం ఉన్న చోట మిగిలిన సందులోకి కరిగిన లోహం పోస్తారు. మట్టి పగలగొడితేనే పాత్ర బయటికొస్తుంది, అందుకని ఒక్కో పాత్రకీ ఒక్కో అచ్చు కట్టుకోవాల్సిందే. పెద్ద బిందెల పక్కనే బొటనవేలంత చెంబులు, కుంకుమ భరిణెలు, చేతిలో ఇమిడిపోయే గంటలు పెట్టున్నాయి. వదిన ఒక చిన్న చెంబు అంచు మీద వేలు తిప్పి చూసింది. మా అమ్మమ్మ నీళ్ళు తాగిన చెంబు అంచు ఎలా బయటికి విచ్చుకుని ఉండేదో ఇదీ అలాగే ఉంది. ఎక్కువమందికి కుంకుమ భరిణెలు ఇద్దామని అక్కడే తేల్చుకుని బయానా ఇచ్చేశాం.

నరసన్నపేటలో వదిన తమ్ముడి ఇంటి గోడకి గుడ్డ మీద వేసిన సవర గిరిజనుల బొమ్మ ఒకటి తగిలించి ఉంది. కోణాలు కోణాలుగా మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు. అలాంటివి ట్రేల మీదా సంచుల మీదా కూడా వేసి అమ్ముతున్నారట, కావాలంటే తెప్పిస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, పూర్వీకుల కోసం, దేవతల కోసం వేసుకునే బొమ్మ అది. గోడకి తగిలించుకుంటే బాగుంటుంది. దాని మీద టీ గ్లాసులు పెట్టి మనిషికి అందించడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. ఆ బొమ్మలేసి బతికేవాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి కదా అని వదిన అంది. అదీ నిజమే. ఆ రాత్రి చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

మూడోరోజు విజయనగరంలో రాయగడ వైపు వెళ్ళే రైలెక్కి బొబ్బిలిలో దిగాం. స్టేషన్ బయట ఆటో అబ్బాయి 1757 నాటి యుద్ధం కథ మొదలెట్టి, యుద్ధస్తంభం చూపిస్తానన్నాడు. అది వచ్చేటప్పుడు చూద్దాం, ముందు గొల్లపల్లి పోనీ అన్నాను. నిజానికి నా మనసు మొదటినించీ అక్కడే ఉంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా మొదలైన మా ఊరి సంగీత కళాశాలలో, పెళ్ళికి ముందు రెండేళ్ళు వీణ నేర్చుకున్నాను. నేను వాయించింది బొబ్బిలి వీణే. అది పుట్టిన ఊరు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

వీధిలోకి అడుగుపెట్టగానే పనస చెక్క వాసన వేసింది. అరుగు మీద, గుమ్మంలో, ఎక్కడ చూసినా పసుప్పచ్చటి చెక్క పొట్టు. బొబ్బిలి వీణ ఏకాండి. గుండ్రటి కుండ, పొడవాటి దండి, మెడ వేరువేరుగా చేసి అతికించరు, ఒకే పనస మానులోంచి తొలుస్తారు. ఒక పెద్దాయన సగం తొలిచిన కుండలో ఉలి పెట్టి చెక్కుతూ, మధ్యమధ్యలో వేలి కణుపుతో పైన తట్టి చెవి పెడుతున్నాడు. మందం అంతటా ఒక్కలా వచ్చిందో లేదో ఆ చప్పుడే చెబుతుందట.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు తల ఎత్తకుండానే.

గృహప్రవేశానికి చిన్న వీణలు కావాలన్నాను. లోపల్నించి ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. అడుగు పొడుగుంది. సింహంలా ఉండే యాళి ముఖం, రెండోవైపు బుర్ర, కుండ మీద చెక్కిన పువ్వు, అన్నీ ఉన్నాయి. గంటస్తంభం బొమ్మ ఇంకా మనసులోంచి పోలేదేమో, కూర్చుని, తీగ నొక్కడానికి దండి మీద అడ్డంగా ఉండే మెట్లు లెక్కపెట్టాను. 24. తీగలు చూశాను. పైన 4, పక్కన 3.

"దీనికి కూడా 24 ఎందుకండీ, ఎవరూ వాయించరు కదా?" అన్నాను.

"తగ్గించీస్తే అది వీణెలాగవుద్దమ్మా? పనస బద్ద మీద గీతలవుద్ది గాని."

పెద్ద వీణకి నెల రోజుల దాకా పడుతుంది. మంచి మాను దొరకడం కష్టమైపోయింది. కొనేవాళ్ళు తక్కువ. సన్మానాలకీ పెళ్ళిళ్ళకీ ఇచ్చే ఈ చిన్న వీణల మీదే ఇల్లు గడుస్తోందని చెప్పాడు. పెద్దదానిలో మిగిలిన చెక్కతోనే చిన్నది చేస్తాడట. వాళ్ళబ్బాయి మొదట చిన్నవాటి మీదే చెయ్యి తిప్పుకున్నాడు, ఇప్పుడు పెద్ద కుండ తొలుస్తున్నాడు. ఆ మాట విన్నాక ధర గురించి బేరమాడబుద్ధి కాలేదు. దగ్గరివాళ్ళకి 21 చాలనుకున్నాం. ఆయన గోడ మీద పెన్సిలుతో మాఘం అని రాసి, పక్కన 21 వేసుకున్నాడు.

లేవబోతుంటే, నాకు వీణ వచ్చని వదిన చెప్పేసింది. ఆయన ముఖం మారిపోయింది. కొడుకుని పిలిచి లోపలున్న కొత్త వీణ తెప్పించాడు. ముందురోజే మేళం కట్టారట, అంటే మైనం మీద మెట్లు అమర్చారు, మెట్ల కింద మైనం ఇంకా నల్లగా మెరుస్తోంది. చాప వేసి నా ముందు పెట్టించాడు. ఇరవై ఏళ్ళైంది వీణ ముట్టి. వేళ్ళు మెత్తబడిపోయాయి, తీగ కోసినట్టుగా తగిలింది. అయినా సరళీ స్వరాలు మొదలెట్టాను. సా నుంచి పై సా దాకా వెళ్ళి, మళ్ళీ దిగుతున్నాను.

"ఆగమ్మా" అన్నాడు.

తప్పు వాయించాననుకుని చెయ్యి తీసేశాను. ఆయన ముందుకి జరిగి ధైవతం మెట్టు మీద వేలు పెట్టాడు. మళ్ళీ మీటమన్నాడు. మీటాను. నాకు బాగానే వినిపించింది. ఆయన తల అడ్డంగా ఊపి, చిన్న ఇనప కడ్డీ వేడి చేసి తెమ్మన్నాడు. మైనానికి దాన్ని తగిలించి, అది మెత్తబడగానే బొటనవేలితో ఆ మెట్టుని ఒక వెంట్రుక వాసి పక్కకి నెట్టాడు.

"ఇప్పుడు మీటు."