అడుగు చూడకుండా సంతకం పెట్టలేను

మొన్న పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీకి వెళ్లొచ్చా, స్పెంట్ సాల్వెంట్ ట్యాంకుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలన్నారు, సీఎఫ్ఓ, అంటే ఫ్యాక్టరీ నడపడానికి పొల్యూషన్ బోర్డు ఇచ్చే అనుమతి, దాని రెన్యువల్ దగ్గర పడిందట, ఆ పైన కస్టమర్ ఆడిట్ కూడా ఉందట. మందుల తయారీలో వాడేశాక టొల్యూన్, మెథనాల్, డైక్లోరోమీథేన్ లాంటి కరిగించే ద్రవాలు కలిసిపోయి మిగిలేదే ఈ స్పెంట్ సాల్వెంట్, 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్ షెడ్యూల్ 1లో 28.6 నంబరు దీనిదే. మామూలుగా 90 రోజులకి మించి నిల్వ పెట్టుకోకూడదు, లెక్క ఫారం 3లో రాయాలి, లారీ ఎక్కితే ఫారం 10 మ్యానిఫెస్ట్, అదే రవాణా చీటీ, వెంట వెళ్లాలి. కాగితాలన్నీ ఇక్కడ బాగానే ఉన్నాయి.

ట్యాంకు 20 కిలోలీటర్లు, నిలువుది, ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, పెట్టి ఏడేళ్లయింది. బయటికి కొత్తదాన్లా మెరుస్తోంది. మెయింటెనెన్స్ ఆయన "సార్, చుట్టూ మందం కొలిచే గేజ్ పెట్టి రీడింగులు తీస్కోండి సరిపోతది, ఖాళీ చేయాలంటే ప్రొడక్షన్ ఆగిపోతది" అన్నాడు. ఆయన మీద ఒత్తిడి ఎంతుందో నాకు తెలుసు. సరే గేజ్ పెట్టా, గోడ 6 మి.మీ. ప్లేటు, ఎక్కడ చూసినా 5.8, 5.9. ఈ అంకెలు చూసి సర్టిఫికెట్ రాసిచ్చేవాళ్లు ఉన్నారు, అదే నా బాధ.

ఎందుకంటే డైక్లోరోమీథేన్ నీళ్లతో కలిసి ఎక్కువ కాలం నిలవుంటే మెల్లగా హైడ్రోక్లోరిక్ యాసిడ్ పుడుతుంది, 304 స్టీలుకి క్లోరైడ్ అస్సలు పడదు, పోనీ ప్లేటంతా సమానంగా అరుగుతుందా అంటే అదీ కాదు, చీడ పట్టిన పన్నులాగా అక్కడక్కడా గుంటలు పడతాయి, పిట్టింగ్ అంటాం. బరువైన పొర దిగేది అడుక్కి, పడే గుంటలు అడుగున. ట్యాంకేమో పునాది మీద కూర్చుని ఉంటుంది, కారినా కంటికి కనపడదు, నేలలోకి ఇంకిపోతుంది. పటాన్‌చెరు, బొల్లారం నీళ్ల కాలుష్యం గురించి 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది, నక్కవాగు పక్క ఊళ్లవాళ్లని అడిగితే చెప్తారు ఆ నీళ్లతో ఏం పడ్డారో.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి వచ్చి 12 మంది పోయారు కదా, అది వేస్టు కాదు ముడిసరుకే, కానీ తర్వాత హైపవర్ కమిటీ రిపోర్టులో ఒక మాట ఉంది, టెంపరేచర్ కొలిచేది ట్యాంకు కింది భాగంలోనే పెట్టారు, పైన వేడెక్కుతున్న సంగతి అది చెప్పలేకపోయింది. అక్కడ కింద కొలిచి పైన బాగుందనుకున్నారు, ఇక్కడ పక్కన కొలిచి కింద బాగుందని నన్ను రాయమంటున్నారు.

ఖాళీ చేయాల్సిందే అన్నా. నాలుగు రోజులు పట్టింది. కడగడం అయిందనగానే ఒక కాంట్రాక్టు కుర్రాడు, ఒడిశా అబ్బాయి, మొహానికి గుడ్డ కట్టుకుని మ్యాన్‌హోల్లోకి కాలు పెట్టబోయాడు. గట్టిగా అరిచి ఆపా. రూల్ ప్రకారం కాంపిటెంట్ పర్సన్, అంటే అర్హత ఉన్న మనిషి, స్వయంగా గ్యాస్ టెస్ట్ చేసి రాసిస్తేనే లోపలికి దిగాలి, లేదంటే శ్వాస పరికరం పెట్టుకుని నడుముకి తాడు కట్టుకుని దిగాలి. మ్యాన్‌హోల్ దగ్గర మీటరు ఆక్సిజన్ 20.9 శాతం, బయటి గాలిలో ఉన్నంతే, చూపించింది, ట్యూబు అడుగుదాకా వదిలితే ఆక్సిజన్ 17 శాతం, ట్యాంకులో నింపిన నైట్రోజన్ గ్యాస్ పూర్తిగా పోలేదు. 19.5 కంటే తక్కువుంటే మనిషి దిగకూడదు. ఆ రాత్రంతా బ్లోయర్ పెట్టించి, పొద్దున్నే మళ్లీ పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూసి అప్పుడు నేనే దిగా, తాడు కట్టుకుని, బయట ఒక మనిషిని నిలబెట్టి. ఆ అబ్బాయికి ఇంట్లో ఎవరెవరున్నారో కూడా అడగలేదు నేను, రోజంతా అదే గుర్తొచ్చింది.

అడుగంతా డై పెనిట్రెంట్, అదే గుంటల్ని, పగుళ్లని బయటపెట్టే రంగు, కొట్టి చూస్తే 11 గుంటలు. డ్రెయిన్ నాజిల్ వెల్డు పక్కన ఒకటి 3.4 మి.మీ. లోతు, అంటే అక్కడ మిగిలింది 2.6. ఏడేళ్లలో 3.4 పోయిందంటే ఏడాదికి దాదాపు అర మిల్లీమీటరు. గోడ రీడింగులతో లెక్కేస్తే ఈ ట్యాంకు ఇంకా ఎన్నో దశాబ్దాలు ఉంటుందని వచ్చేది!

సర్టిఫికెట్ ఇవ్వలేదు. అడుగు ప్లేటు మార్చండి, డ్రెయిన్ వైపు వాలు పెట్టండి, క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు దీంట్లో కలపకుండా గ్లాస్ లైన్డ్ ట్యాంకులో పెట్టండి అని రాసిచ్చా. మేనేజర్ మొదట ముఖం మాడ్చుకున్నాడు, ఫోటోలు చూపించాక కుర్చీ లాక్కుని కూర్చుని అన్నీ నోట్ చేసుకున్నాడు.

వచ్చేటప్పుడు డైక్, అంటే కారినదాన్ని ఆపడానికి ట్యాంకుల చుట్టూ కట్టే గోడ, అది కూడా చూశా. పెద్ద ట్యాంకులో పట్టేదానికి 110 శాతం పట్టేలా గోడ కట్టారు, బాగుంది, కానీ వాన నీళ్లు పోవడానికని డ్రెయిన్ వాల్వ్ తెరిచి అలాగే వదిలేశారు. ట్యాంకు కారితే గోడ ఎంత ఎత్తున్నా లాభం లేదు, అంతా వాన కాలువలోకే. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని పిలిచి చూపించి అతని చేతే మూయించా. వాన నీళ్లు వదలడం అయిపోగానే వాల్వ్ మూసి ఫోటో తీసి పంపుతున్నాడు ఆ ఇన్‌ఛార్జ్, నేను అడగలేదు. నిన్న రాత్రి పదకొండింటికి వాన పడితే కూడా పంపాడు.