గొట్టం తీశాక గొంతు సంగతి

రోజుకో పెట్టె చొప్పున పద్దెనిమిదేళ్లు సిగరెట్లు తాగినవాణ్ని. రెండు పక్కలా హెర్నియా, ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) అన్నారు కాబట్టి పూర్తి మత్తు, ఊపిరి కోసం నోట్లోంచి శ్వాసనాళంలోకి దింపే గొట్టం తప్పలేదు. నా కథ అంతే, మిగతాదంతా గొంతు గురించే.

హెర్నియా పేషెంటు కోత కంటే మెలకువ వచ్చేటప్పటి దగ్గుకి భయపడాలి. దగ్గిన ప్రతిసారీ పొట్టలో ఒత్తిడి ఎగదన్ని, హెర్నియా చోట అప్పుడే పెట్టిన మెష్ (వల) మీద పడుతుంది. పొగ తాగేవాళ్లకి ఈ దగ్గు ఎక్కువ. శ్వాసనాళం లోపలి పొర ముందే రేగి ఉంటుంది, తెమడని పైకి నెట్టే సన్నటి నూగు సరిగా పనిచెయ్యదు. అలాంటి చోటికి గొట్టం దిగుతుంది.

గొట్టం కొసన బుడగ ఉంటుంది, దాన్ని కఫ్ అంటారు (మన కఫంతో చుట్టరికం లేదు). గాలి నింపితే అది గోడలకి ఆనుకుని, నోట్లోది ఊపిరితిత్తుల్లోకి జారకుండా ఆపుతుంది. లోపలి ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి. 30 దాటితే పొరకి రక్తం సరిగా అందదు, మర్నాటి మంటకి అదొక మూలం. వేలితో నొక్కి చూసి సరిపోయిందనుకుంటే చాలాసార్లు ఎక్కువే ఉంటుంది, మీటరు పెట్టి చూడాల్సిందే. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు వాడితే అది బుడగలోకి ఊరి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది.

ఈ మంటకీ దగ్గుకీ ఓ చక్కని ఉపాయం ఉంది. బుడగలో గాలికి బదులు లిగ్నోకైన్ మందులో కాస్త సోడియం బైకార్బొనేట్ కలిపి నింపుతారు. బైకార్బొనేట్ కలిస్తేనే మందు ప్లాస్టిక్ గోడలోంచి తేలిగ్గా ఊరి, ఆనుకున్న పొరని తిమ్మిరెక్కిస్తుంది. మెల్లగా ఊరుతుంది కనుక అరగంట ఆపరేషన్‌కి పెద్దగా అక్కరకు రాదు. అన్నిచోట్లా చెయ్యరు కూడా. ఎక్కువగా వాడేది గొట్టం తీసే ముందు నరంలోకి లిగ్నోకైన్, కిలోకి 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. మొదట్లోనే ఇచ్చే 8 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాపునీ వాంతినీ తగ్గిస్తుంది, కానీ షుగర్ పెంచుతుంది.

ఇవేవీ మనం అడిగి చేయించుకునేవి కావు. మన చేతిలో ఉన్నది మత్తు డాక్టరుకి నిజం చెప్పడం. ఇంట్లోవాళ్లు పక్కనున్నారని 'రోజుకి రెండో మూడో' అంటే నష్టం మనకే. ఎన్ని తాగుతామో, పొద్దున తెమడ పడుతుందా, ఈమధ్య జలుబు చేసిందా చెప్పాలి. మానెయ్యడానికి నాలుగు వారాలైనా ఉంటే మేలు. అంత గడువు లేకపోతే ఒక్క రోజు మానినా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ దిగుతుంది. చివర్లో మానితే దగ్గు ముదురుతుందనే మాట నమ్మి ఆపరేషన్ పొద్దున ఒకటి కాల్చేవాళ్లున్నారు. అదే అన్నిటికంటే చెడ్డ పని.

ఆపరేషన్ అయ్యాక నర్సు సరేనన్నాకే మొదటి గుక్క. తర్వాత గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి రోజుకి నాలుగైదు సార్లు పుక్కిలించాలి. గొంతు 'ఖర్'మని సవరించుకోవద్దు, పొర మళ్లీ గీసుకుంటుంది. ఓ గుక్క నీళ్లు మింగితే చాలు. గుసగుసలాడినా గొంతు అలసిపోతుంది, మెల్లగా మామూలు గొంతుతోనే మాట్లాడాలి.

తెమడ మాత్రం లోపల ఉంచుకోకూడదు. దిండు మడిచి పొట్టకి రెండు చేతులా అదిమిపట్టి, అద్దం మీద ఆవిరి ఊదినట్టు నోరు తెరిచి 'హా' అని రెండుమూడుసార్లు ఊదాలి. తెమడ పైకి వచ్చాక ఒక్క దగ్గు చాలు. మూడు బంతుల పరికరం ఇస్తే గంటకి పదిసార్లు మెల్లగా పీల్చాలి. చాలామంది పీల్చడానికి బదులు ఊదుతారు, బంతులు కదలవు.

మంట సాధారణంగా రెండుమూడు రోజుల్లో తగ్గుతుంది. ఊపిరి పీలుస్తుంటే ఈల శబ్దం, ఆయాసం, రక్తం ఏది కనిపించినా అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరంతో పచ్చటి తెమడ పడితే ఆ రోజే చూపించుకోవాలి. బొంగురు వారం దాటితే ఈఎన్‌టీ డాక్టరు సన్నటి కెమెరా గొట్టంతో స్వరపేటిక చూడాలి.