గాజు ప్లేట్ల లెక్కలు

పాత చేతిరాతలను ఆన్‌లైన్‌లో జనం చేత టైప్ చేయించే అమెరికా స్మిత్సోనియన్ ట్రాన్స్‌క్రిప్షన్ సెంటర్‌లో వాలంటీర్‌గా కొన్నాళ్లు హార్వర్డ్ అబ్జర్వేటరీ పాత నోటుపుస్తకాలు టైప్ చేశాను. ఆకాశాన్ని ఫొటో తీసిన గాజు ప్లేట్లను భూతద్దంతో చూసి, ఏ నక్షత్రం వెలుగు ఎంతో అక్కడి ఆడవాళ్లు చేత్తో రాసుకున్న లెక్కలవి. అంకెలే అంకెలు! 1 ఏదో 7 ఏదో తేల్చుకునేసరికి కళ్లు లాగేస్తాయి. కొట్టేసిన అంకెనూ వదలకూడదు, కొట్టేసినట్టు గుర్తు పెట్టి మరీ ఎక్కించాలి. తెలియకపోతే ప్రశ్నార్థకం పెడితే చాలు, తర్వాత ఇంకొకరు సరిచూస్తారు. ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది, టెన్షన్ ఉండదు.

హెన్రియెటా లీవిట్ కూడా ఇలా ప్లేట్లు కొలిచినావిడే. 1912లో వెలుగు మారే 25 నక్షత్రాలను పట్టుకుని, మార్పుకు పట్టే కాలానికీ నక్షత్రం కాంతికీ లంకె చూపించారు. గెలాక్సీల దూరాలు కొలవడానికి దారి దొరికింది అక్కడే. ఇక ఈ నోటుపుస్తకాలను టైప్ చేయడం ఎందుకంటారా, పేజీని స్కాన్ చేస్తే బొమ్మే మిగులుతుంది. టైప్ చేశాకే ఫలానా ప్లేటు నంబరు కొట్టి వెతకగలం.