తంబుర ముందు పావుగంట

మన విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. అదే ఏడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ పాఠం చెప్పడానికి వచ్చారు. అలాంటి నాదం పలికిన చోట చదువుకున్నాం కాబట్టి, ఇప్పుడిప్పుడే కచేరీలకు కూర్చుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ వినికిడి సాధన గురించే రాయాలనిపించింది.

తంబుర మీరే శ్రుతి చేసుకోండి. ముందు రెండు సారణులు, అంటే ఒకే స్థాయిలో పలికే నడిమి తంతులు. వెంటవెంటనే మీటితే, తేడా ఉన్నంతసేపూ నాదం అలలుగా ఊగుతుంది. సెకనుకు 2 అలలు వినిపిస్తే రెండు తంతుల మధ్య సెకనుకు 2 కంపనాల తేడా ఉందన్నమాట. తంతికి గుచ్చిన పూసను కొంచెం కొంచెంగా జరిపితే అల సాగి సాగి ఆగిపోతుంది. తర్వాత మంద్ర షడ్జం (కింది స్థాయి ‘స’), ఆఖరున పంచమం (‘ప’). ఇక జీవాళి, అంటే నాదానికి జీవం పోసే సర్దుబాటు: తంతులను మోసే గుర్రం మీద తంతి కింద ఉన్న నూలుపోగును వెంట్రుకవాసి జరుపుతూ పోతే ఒకచోట నాదం విచ్చుకుంటుంది. అది దాటితే తంతి మళ్లీ మొద్దుబారుతుంది.

ఇప్పుడు నోరు విప్పకుండా 15 నిమిషాలు వినండి. మంద్ర షడ్జంలోంచి అంతరగాంధారం (పై మెట్టు ‘గ’) దానంతటదే పలుకుతుంది. తంతి అసలు కంపనానికి 5 రెట్లలో పుట్టే స్వరమది, స్వయంభూ గాంధారం. కీబోర్డు మీది గాంధారం దీనికన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ (పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు). కీబోర్డుతో సాధన చేసినవాళ్లు మోహన రాగంలో గాంధారం మీద నిలవగానే తంబురతో ఒరుసుకునేది అందుకే. ఫోన్‌లోని తంబురతో ఈ పని జరగదు. ఒకటి శ్రుతి (కీబోర్డు మీద C) పెట్టుకునే మగగొంతుకు మంద్ర షడ్జం సెకనుకు 65 కంపనాలు. ఫోన్ స్పీకరు అంత కిందికి దిగలేదు. తంబుర దొరకనప్పుడు పెద్ద స్పీకరుకు తగిలించండి.

గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, వినడానికి కాగితం, పెన్సిలు కావాలి. పెద్దల తోడి రాగం ఆలాపనలోంచి 5 సెకన్ల ముక్క తీసుకుని సగం వేగంతో 10 సార్లు వినండి. గాంధారం ఎక్కడ బయల్దేరింది, మధ్యమాన్ని ఎన్నిసార్లు తాకింది, ఎక్కడికి దిగింది అన్నది గీతగా గీయండి. స్వరం రాసుకుంటే ‘గ’ అన్న ఒక్క అక్షరమే మిగులుతుంది, ఆ ఊగులాట అంతా జారిపోతుంది. గీత అయ్యాకే పాడాలి. ముందే పాడితే చెవి తనకు అలవాటైన తోడినే వింటుంది.

వేదిక మీద ఇబ్బంది వేరు. మానిటర్‌లో (మీ వైపు తిప్పి పెట్టే స్పీకరు) ముందు తంబుర, తర్వాత మీ గొంతు, ఆపైన వయొలిన్ అడగండి. మృదంగం పక్కనే ఉంటుంది కనుక దాదాపు అక్కర్లేదు. దాన్ని పెంచితే తంబుర మునిగిపోతుంది, గొంతు అరుపులోకి వెళ్తుంది. వయొలిన్ విద్వాంసులు ఆలాపన చేస్తున్నప్పుడు మన తర్వాతి కీర్తన గురించి ఆలోచించడం చాలామందికి ఉన్న అలవాటు, నా దృష్టిలో అది పెద్ద తప్పు. వారి చివరి సంచారం అందుకుని మీరు పాట ఎత్తుకోగలిగితేనే విన్నట్టు.

లయ సంగతి స్టాప్‌వాచ్ చెబుతుంది. కచేరీ రికార్డింగులో కీర్తన మొదట్లో ఆదితాళం 4 ఆవర్తాలు (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తం) కొలవండి, ఆఖరున మళ్లీ 4. మొదట 32 సెకన్లు పట్టినవి చివర 28కి వస్తే కాలప్రమాణం (పాట నడక వేగం) పరుగెత్తింది. సాధారణంగా ఈ పరుగు చిట్టస్వరాల (కీర్తనలో కూర్చిన స్వరాల వరుస) దగ్గరో, సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు) ఒత్తుగా పడే చోటో మొదలవుతుంది. గాయకులు మృదంగం నడకను, మృదంగం వారు గాయకుల ఊపును పట్టుకుంటారు, తాళం వేసే చేతిని ఇద్దరూ వదిలేస్తారు. పరుగు మొదలైన ఆవర్తం వెతికి, ఆ చోట నుంచే చేత్తో తాళం వేస్తూ, సాహిత్యం మనసులోనే అనుకుంటూ 8 ఆవర్తాలు నడపండి. మరునాడు పాడుతూ మళ్లీ కొలవండి.