బ్యాండ్ లోపలి ముద్ర

మాది రెండో ప్రపంచయుద్ధం నాటి రైఫిళ్లకు బ్యారెల్ సామాను చేసే చిన్న మెషిన్ షాపు. ఒహాయోలో డేటన్‌కి దగ్గర. బ్యారెల్‌ని, అంటే తుపాకి గొట్టాన్ని, చెక్క భాగానికి పట్టి ఉంచే బ్యాండ్లు, గురి చూసే ముందు సైటుకు తొడిగే కవచాలు, దుమ్ము పోకుండా గొట్టం చివర పెట్టే మూతలు, ఇలాంటివి. ఎనభై ఏళ్ల కిందటి పార్టుకు ఇప్పుడు నకలు తీస్తాం. మంచి నకలు తీయడం గౌరవమైన పనే అని నేను నమ్ముతాను. కాకపోతే అది నకలని ఆ పార్టు మీదే కనబడాలి.

నేను ఈ పనిలోకి చుట్టుతిరిగి వచ్చాను. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో టూల్ డిజైన్ చదివి, జీడిమెట్లలో ప్రెస్ టూల్స్ చేశాను. మా ఆవిడ ఉద్యోగం వల్ల ఈ దేశం వచ్చాం. చేతిలో పని ఉన్నవాడికి డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకు చెప్పక్కర్లేదు. వర్క్ పర్మిట్ వచ్చాక ప్లాస్టిక్ మౌల్డుల షాపులో చేరాను. ఇప్పటి మా ఓనర్ అప్పుడే రమ్మన్నాడు గానీ కుదరలేదు. తుపాకి పార్టుల డ్రాయింగులు చాలావరకు ఎగుమతి నియంత్రణ చట్టాల కిందికి వస్తాయి. అమెరికా గడ్డ మీదే అయినా, విదేశీయుడికి అలాంటి డ్రాయింగు చూపిస్తే దేశం దాటించినట్టే లెక్క. గ్రీన్ కార్డు ఉంటే ఆ అడ్డు ఉండదు. అది వచ్చాకే ఇక్కడ చేరగలిగాను.

అమ్మకి ఈ పని సంగతి చెప్పినప్పుడు ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. "ఏరా, చేసిచేసి తుపాకుల పనేమిట్రా నీకు?" అంది చివరికి. ఇక్కడి స్కూళ్లలో కాల్పుల వార్తలు ఆవిడా చూస్తుంది. మా అమ్మాయి స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్, అంటే కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో నేర్పే కసరత్తు, పెట్టిన రోజు నాకూ టెన్షనే. మా ఇంట్లో తుపాకి లేదు, ఉండదు కూడా. నేను చేసేది పేల్చే భాగం కాదని, మ్యూజియంలో పెట్టదగ్గ వస్తువుకు ఊడిపోయిన కట్టు లాంటిదని అమ్మకి చెప్పాను. పూర్తిగా ఒప్పుకుందని అనను.

మా దగ్గర ఎక్కువగా నడిచేది ఎం1 కార్బైన్ బ్యాండ్. ఎం1 కార్బైన్ అంటే ఆ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన పొట్టి, తేలిక రైఫిల్. ఈ కార్బైన్ కథ డేటన్‌తోనే ముడిపడి ఉంది. యుద్ధకాలంలో దీని తయారీకి పది కంపెనీలకు కాంట్రాక్టులిచ్చారు. టైప్‌రైటర్ల అండర్‌వుడ్, జ్యూక్‌బాక్సుల రాక్-ఓలా, ఐబీఎం కూడా అందులో ఉన్నాయి. మొత్తం 60 లక్షలకు పైగా తయారైతే, దాదాపు 26 లక్షలు డేటన్‌లోని ఇన్లాండ్ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. అది జనరల్ మోటార్స్ వాళ్లది. ఏ కంపెనీ పార్టు ఏ కంపెనీ తుపాకికైనా అమరాలన్నది సైన్యం షరతు. టూల్ రూమ్‌లో బతికినవాడికి ఆ మాట వింటేనే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అన్ని ఊళ్లలో, అన్ని చేతుల మీద, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లన్నవే లేని రోజుల్లో, కొలత సరిచూసే గేజీలు పెట్టుకుని సాధించారు.

బ్యాండ్ ఈ యుద్ధకాలంలోనే మూడు రకాలుగా మారింది. మొదట్లో సన్నది. తర్వాత వెడల్పుది. 1944లో ఈ కార్బైన్ కోసం ఎం4 బయొనెట్ (తుపాకి చివర తగిలించే కత్తి) వచ్చాక, దాన్ని తగిలించడానికి కింద కొక్కెం ఉన్న మూడో రకం వచ్చింది. అప్పటికే చాలా తుపాకులు తయారైపోయాయి కదా, యుద్ధం అయ్యాక ఆయుధాగారాల్లో వాటిని విప్పి బాగుచేసేటప్పుడు పాత బ్యాండ్ తీసేసి కొక్కెం ఉన్నది బిగించారు. అందుకే ఈ రోజు దొరికే కార్బైన్లలో ఎక్కువవాటికి మూడో రకమే కనబడుతుంది. 1942 నాటి ఆ సన్న బ్యాండ్, అన్నిటికన్నా సాదాగా ఉండేది, దొరకడం కష్టం. తన తుపాకిని ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటి రూపానికి తేవాలనుకునే ప్రతి కలెక్టరుకూ అదే కావాలి. మా షాపు అన్నం తినేది ఆ కరువు మీదే.

నకలు తీయడం అంటే ఒక పాత పార్టును కొలిచి అలాగే కోయడం కాదు. ఒక్క పార్టును కొలిస్తే వచ్చేది దాని అరుగుదల కొలత. అందుకని వేర్వేరు కంపెనీల ముద్రలున్నవి కొన్ని తెచ్చి, ఏ కొలత అన్నింటిలోనూ నిలకడగా ఉంది, ఏది ఎవరి ఇష్టానికి వారు వదిలేశారు అన్నది చూడాలి. నిలకడగా ఉన్నచోటే ఆనాటి డ్రాయింగు పట్టు బిగించి ఉందని అర్థం. మా షాపులో పెద్దాయన, ఇన్లాండ్‌లో పనిచేసిన నాన్నకు కొడుకు, అంచు మీద బొటనవేలు పెట్టి రాస్తాడు. "ఇది మరీ పదునుగా ఉంది, ఆ రోజుల్లో ఇంత పదునుగా వదిలేవాళ్లు కాదు" అంటాడు. అప్పుడు ఆకురాయి తీస్తాను. సీఐటీడీలో నేర్చుకున్నవాటిలో రోజూ వాడేది ఇదే.

కొనేవాళ్లు ఎవరని అడుగుతారు. కలెక్టర్లు సరే. లేక్ ఈరీ ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుంచి జాతీయ షూటింగ్ పోటీలు జరుగుతున్నాయి. పాత సైనిక రైఫిళ్లకు అక్కడ వేరే పోటీలుంటాయి. అసలు పార్టు అరిగిపోకుండా పెట్టెలో దాచి, పోటీకి మా పార్టు బిగించుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

మాకు తలనొప్పి తెచ్చేది వేరే రకం. "మీ గుర్తు వేయకండి, ఇన్లాండ్ ముద్ర కొట్టి ఇవ్వండి, రెట్టింపు ఇస్తా" అని అడిగేవాళ్లు. మా ఓనర్ రెండో మాట లేకుండా కుదరదంటాడు. పాత నాణేల నకలు మీద "కాపీ" అని ఉండాలని ఇక్కడ 1973లో హాబీ ప్రొటెక్షన్ చట్టం తెచ్చారు. అది నాణేలకూ, ఎన్నికల బ్యాడ్జీల వంటివాటికే. తుపాకి బ్యాండ్లు దాని కిందికి రావు. కాబట్టి నకలని తెలిసేలా తన గుర్తు వేయడమా మానడమా అన్నది చేసేవాడి నీతి మీదే ఆధారపడి ఉంది.

ఒక గన్ షోలో, అంటే తుపాకులు, వాటి సామాను అమ్మే సంతలో, పొడవాటి బల్లల వరుసలో, "ఒరిజినల్ ఇన్లాండ్" అన్న చీటీతో ఒక సన్న బ్యాండ్ కనబడింది. ధర మేం అమ్మేదానికి ఎన్నో రెట్లు. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూశాను. పంచ్‌తో దెబ్బ కొడితే లోహం ఎటూ పోదు, పక్కకు జరుగుతుంది. నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు అక్షరం అంచున సన్న గట్టు లేస్తుంది. ఇక్కడా గట్టు ఉంది, అంటే చెక్కింది కాదు, కొట్టిందే. కానీ ఫ్యాక్టరీలో ముద్ర ముందు కొట్టి, ఆ తర్వాత పార్కరైజింగ్, అంటే తుప్పు పట్టకుండా ఇనుము మీద వేసే బూడిద రంగు పూత, చేస్తారు. అప్పుడు అక్షరం అడుగున కూడా అదే బూడిద పూత సమంగా పరుచుకుంటుంది. దీని అక్షరం గుంటలో పూత చితికిపోయి, అడుగున ఇనుము మెరుస్తోంది. పూత అయ్యాక ఎవరో ముద్ర కొట్టారు. బ్యాండ్ తిప్పి లోపలి వైపు చూస్తే, మా గుర్తు ఉండాల్సిన చోట గ్రైండర్ తగిలిన చిన్న గుంట.

కోపం కాదు, కడుపులో తిప్పినట్టయింది. ఆ అంచు నేను ఆకురాయితో దిద్దిన అంచే. అమ్మేవాయనకు నెమ్మదిగా చూపించాను. ఆయన ఇంకొకరి దగ్గర అంతే ధర పెట్టి కొన్నాడట. చీటీ చింపేసి బ్యాండ్ జేబులో వేసుకున్నాడు. ఆయన డబ్బు ఎవరిస్తారు?

ఇందులో తొందరపాటు తీర్పులూ పనికిరావు. ఇన్లాండ్ కార్బైన్ మీద, ఆ పది కంపెనీల్లో ఇంకొకటైన వించెస్టర్ ముద్ర ఉన్న చిన్న పార్టు కనబడగానే నకిలీ అనేస్తారు కొందరు. యుద్ధకాలంలో కొరత వచ్చినప్పుడు కంపెనీలు పార్టులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నాయి. కాబట్టి ముద్ర ఎవరిదన్నది కాక, అది ఎలా పడిందన్నది చూడాలి. పోత పోసి తీసిన చవక నకళ్లయితే ఇంకా సులువు. అంచులు మెత్తగా గుండ్రంగా ఉంటాయి, పైన సన్న గరుకు, అచ్చు రెండు సగాలు కలిసినచోట గీత.

అదే షోలో ఒక జంగిల్ కార్బైన్ కూడా చూశాను. మన పోలీస్ స్టేషన్లలో చూసిన త్రీ నాట్ త్రీకి దగ్గరి బంధువు అది. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 5 అంటారు. 1944 నుంచి 1947 దాకా బ్రిటన్‌లో, లివర్‌పూల్ దగ్గర ఫజాకర్లీలోనూ బీఎస్ఏ కంపెనీ వాళ్ల షర్లీ ఫ్యాక్టరీలోనూ చేశారు. బర్మా అడవుల వంటిచోట్లకని పొట్టిగా, తేలిగ్గా చేసి, మంట కనబడకుండా గొట్టం చివర గరాటు తొడుగు పెట్టారు. ఆ గరాటు వల్లే దీనికి మోజు, ఆ మోజు వల్లే అదే లీ-ఎన్‌ఫీల్డ్ రకంలో మామూలు పొడవు రైఫిలైన నంబర్ 4ని కోసి, కొత్త గరాటు తగిలించి అమ్మడం మొదలైంది. అసలుదానికి గరాటును అడ్డంగా రెండు పిన్నులు దించి బిగించారు. నకళ్లకు ఎక్కువగా మరస్క్రూ ఉంటుంది. అసలుదాంట్లో బరువు తగ్గించడానికి పైచెక్క కింద, తూటా కూర్చునే గది దగ్గర బ్యారెల్‌ని చెక్కి ఉంటారు. కోసి చేసినదాంట్లో ఆ చెక్కుళ్లు ఉండవు. బల్ల మీద ఉన్నదానికి స్క్రూ ఉంది. చీటీలో మాత్రం "నంబర్ 4 నుంచి మార్చినది" అని నిజాయితీగా రాశాడు. ఆయనతో చాలాసేపు మాట్లాడాను.

ఆ షో తర్వాత మా ఓనర్, పెద్దాయన, నేను కూర్చుని గుర్తు వేసే చోటు మార్చాం. ఇప్పుడది లోపలి వైపు, స్క్రూ రంధ్రం అంచుకు ఆనుకుని, పార్కరైజింగ్‌కు ముందే లోతుగా పడుతుంది. దాన్ని గ్రైండ్ చేసి తీసేస్తే రంధ్రం అంచు పలచబడి బ్యాండ్ బిగుసుకోదు.

ఇక్కడి తెలుగువాళ్లలో పాత రైఫిళ్లు సేకరించేవాళ్లు ఇప్పుడు కొందరు కనబడుతున్నారు. కొనే ముందు బ్యాండ్ విప్పి చూపించమనండి, విప్పనంటే డబ్బు తీయకండి. మా పార్టు అయితే స్క్రూ రంధ్రం పక్కన షాపు గుర్తు, చేసిన సంవత్సరం ఉంటాయి.