మైదానం ఉన్నవారికి లీగు లేదు, లీగు దక్కినవారికి మైదానం లేదు

2018 డిసెంబరులో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ పెద్దలు దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఏ-లీగ్‌లోకి రెండు కొత్త క్లబ్బులను తీసుకున్నారు. తుది వడపోత వరకు నిలిచిన ఆరు దరఖాస్తులలో సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బుది ఒకటి. 1959లో గ్రీకు వలసదారులు నిలబెట్టిన ఆ క్లబ్బు పాత జాతీయ లీగును నాలుగుసార్లు గెలిచింది. 1999లో ఓషియానియా విజేతగా నిలిచి, 2000 జనవరిలో బ్రెజిల్‌లో జరిగిన తొలి ప్రపంచ క్లబ్ పోటీలో మరకానా మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో తలపడింది. ఆల్బర్ట్ పార్క్ చెరువు ఒడ్డున దానికి స్టేడియం ఉంది, మూడు తరాల అభిమానులు ఉన్నారు. అయినా దాన్ని పక్కన పెట్టి, అప్పటికి ఒక్క ఆటగాడు గానీ ఒక్క ఇటుక గానీ లేని సంస్థకు చోటిచ్చారు. తర్వాత వెస్టర్న్ యునైటెడ్ అన్న పేరు పెట్టుకున్న ఆ సంస్థ మెల్‌బోర్న్ పడమటి శివారులోని టార్నీట్‌లో 15,000 సీట్ల సొంత స్టేడియం కట్టుకుంటామని మాట ఇచ్చింది. ఆ మాట మీదే ఎంపిక జరిగింది.

నేను ఉండేది ఆ పడమటి శివార్లలోనే. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. శనివారం పొద్దున ఏ పార్కుకు వెళ్లినా మన పిల్లలు బంతి వెంట పరుగెత్తుతూ కనిపిస్తారు. అలాంటి చోట పుట్టిన క్లబ్బుకు జనాదరణ సహజంగా దొరకాలి. కానీ 2019లో ఆట మొదలుపెట్టిన నాటి నుంచి వెస్టర్న్ యునైటెడ్ జీలాంగ్‌లో కొన్ని మ్యాచ్‌లు, బాలరాట్‌లో కొన్ని, నగరం మధ్యలోని ఏఏఎంఐ పార్కులో కొన్ని ఆడుతూ ఊరూరా తిరిగింది. 2022లో లీగు ఛాంపియన్‌గా కూడా నిలిచింది. అయినా ఆ క్లబ్బు మ్యాచ్‌లకు స్టాండ్లు వెలవెలబోతూనే ఉన్నాయి. 2024లో టార్నీట్‌లోని చిన్న ప్రాక్టీసు మైదానానికి చేరుకున్నా, మాట ఇచ్చిన స్టేడియం మాత్రం లేవలేదు. ఆర్థికంగా చితికిపోయి 2025–26 సీజన్‌కు ఆ క్లబ్బు పోటీలోనే లేకుండా పోయింది. జట్టు గెలవకపోవడం వల్ల ఇలా జరగలేదు. వారం వారం వచ్చి ఇది మా చోటు అని జనం నిలబడే స్థలం లేకపోవడం వల్ల జరిగిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

టార్నీట్ నుంచి కారులో కొద్దిసేపు వెళితే సన్‌షైన్ నార్త్‌లో నైట్స్ స్టేడియం వస్తుంది. అది 1953లో క్రొయేషియా వలసదారులు పెట్టుకున్న మెల్‌బోర్న్ నైట్స్ క్లబ్బు సొంత మైదానం. చుట్టూ గోదాములు, కర్మాగారాల షెడ్లు. లోపలికి అడుగుపెడితే ముందుగా తగిలేది బొగ్గుల మీద కాలుతున్న చెవాపి మాంసం పొగ. పచ్చిక చుట్టూ ఉన్న కమ్మీని ఆనుకుని నిలబడే ముసలివారు లైన్స్‌మన్ ప్రతి నిర్ణయాన్నీ క్రొయేషియన్‌లో నిలదీస్తారు. బంతి అవుట్ అయితే కమ్మీ మీదుగా వంగి వారే అందిస్తారు. అక్కడి ప్రధాన స్టాండు పేరు మార్క్ విడూకా స్టాండు. ఈ క్లబ్బులో ఎదిగిన విడూకాను 1995లో జాగ్రెబ్ క్లబ్బుకు ఇచ్చినప్పుడు వచ్చిన సొమ్ము ఆ స్టాండు కట్టడానికి ఉపయోగపడింది. తర్వాత అతను సెల్టిక్‌కు, లీడ్స్‌కు ఆడి, 2006 ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియా జట్టుకు నాయకుడయ్యాడు. క్లబ్బు ఒక కుర్రవాడిని తయారు చేయడం, ఆ కుర్రవాడి వల్ల వచ్చిన డబ్బు కాంక్రీటై తర్వాతి కుర్రవాళ్లకు నీడ ఇవ్వడం ఇంత సూటిగా కనిపించే చోటు ఈ దేశంలో నాకు మరొకటి తెలియదు. 1995, 1996లలో వరుసగా జాతీయ విజేతలైన ఈ క్లబ్బు ఇప్పుడు రాష్ట్ర స్థాయి పోటీలలో ఆడుతోంది.

ఇలా ఎందుకు జరిగిందో న్యాయంగానే చెప్పుకోవాలి. 1977లో మొదలైన నేషనల్ సాకర్ లీగ్ చివరి ఏళ్లకు అప్పులలో మునిగిపోయింది. టీవీ ఆదాయం అంతంతమాత్రం, పాలకవర్గాల మధ్య కొట్లాటలు తెగలేదు, స్టాండ్లలో బాల్కన్ గొడవలు అప్పుడప్పుడు భగ్గుమనేవి. 1990లలో గ్రీకు, క్రొయేషియన్, మాసిడోనియన్ పేర్లూ చిహ్నాలూ తీసేయాలని క్లబ్బులను ఒత్తిడి చేశారు. 2003లో ప్రభుత్వం వేయించిన క్రాఫర్డ్ నివేదిక పాలనను సమూలంగా మార్చాలని సూచించింది. వ్యాపారవేత్త ఫ్రాంక్ లోవీ ఆట పగ్గాలు చేపట్టారు, 2004లో పాత లీగు ముగిసింది. 2005 ఆగస్టులో ఎనిమిది జట్లతో, నగరానికి ఒకే జట్టు అన్న పద్ధతిలో ఏ-లీగ్ మొదలైంది. లోవీ చేతికి వచ్చేనాటికి ఆట మునిగిపోతోంది, దాన్ని గట్టెక్కించిన ఘనత ఆయనకు దక్కాలి. కానీ పాత క్లబ్బులు పైకి రాగల దారి ఒక్కటైనా ఉంచకుండా తలుపు పూర్తిగా మూసేయడం నా దృష్టిలో ఘోరమైన అన్యాయం. హంగరీ దిగ్గజ ఆటగాడు పుష్కాష్ శిక్షకుడిగా పనిచేసిన క్లబ్బు సౌత్ మెల్‌బోర్న్. గ్రీస్‌లో పనిచేసి గ్రీకు నేర్చుకున్న ఆ మహానుభావుడికి ఇంగ్లీషు సరిగా రాకపోతే, గ్రీకు తెలిసిన జట్టు నాయకుడు ఆంజ్ పోస్టెకోగ్లూ ఆయన మాటలను జట్టుకు అందించేవాడు, కారులో ఇంటికి దింపేవాడు. ఆ పోస్టెకోగ్లూయే తర్వాత అదే క్లబ్బుకు శిక్షకుడై రెండు జాతీయ టైటిళ్లు తెచ్చి, 2015లో ఆస్ట్రేలియాను ఆసియా విజేతగా నిలిపి, 2025లో టాటెన్‌హామ్‌కు యూరోపా లీగ్ గెలిపించాడు. ఇంతటి విద్య నేర్పిన చోటును వెలివేసిన ఆట ఏం పోగొట్టుకుందో ఊహించడం కష్టం కాదు.

కొత్త క్లబ్బులన్నీ వేళ్లు లేనివని నేను అనడం లేదు. 2012లో పుట్టిన వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్ పేరు, రంగులు, ఆడే చోటు ముందుగా స్థానికులతో సమావేశాలు పెట్టి, వారి మాట విన్న తర్వాతే ఖాయమయ్యాయి. సిడ్నీ పడమటనున్న పారమట్టా వారికి ఇల్లయింది. గోల్‌పోస్టు వెనుక నిలబడే రెడ్ అండ్ బ్లాక్ బ్లాక్ బృందం డప్పులతో, పాటలతో ఊరేగింపుగా స్టేడియానికి నడిచి వచ్చేది. ఎనభయ్యో నిమిషం రాగానే అందరూ మైదానానికి వీపు తిప్పి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఎగురుతారు. 1880లో పారమట్టాలో జరిగిన తొలినాటి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు అది వారి నివాళి. పుట్టి మూడేళ్లైనా నిండకముందే, 2014లో, ఆ జట్టు సౌదీ అరేబియాకు చెందిన అల్ హిలాల్‌ను ఓడించి ఆసియా ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఇప్పటికీ ఆ కప్పు గెలిచిన ఏకైక ఆస్ట్రేలియా క్లబ్బు అదే. పాత పారమట్టా స్టేడియాన్ని కూల్చి 2019లో తెరిచిన 30,000 సీట్ల కొత్త స్టేడియంలో స్టాండ్లు ఎంత నిటారుగా ఉంటాయంటే, పై వరుసలో కూర్చున్నా కార్నర్ కొట్టే ఆటగాడి ముఖం స్పష్టంగా తెలుస్తుంది. గోల్‌పోస్టు వెనుక అభిమానుల స్టాండులో నిలబడి చూడడానికి తగినట్లు కమ్మీలతో సీట్లు కూడా పెట్టారు. సౌత్ మెల్‌బోర్న్ వాళ్ల లేక్‌సైడ్ స్టేడియంలో మాత్రం 2011లో పచ్చిక చుట్టూ పరుగు పందేల ట్రాక్ వేయడంతో అభిమానులు ఆటకు దూరమైపోయారు. అక్కడ కూర్చున్న ప్రతిసారీ ఆ ట్రాక్‌ను చూస్తే నాకు బాధగానే ఉంటుంది.

ఇలా తయారైన అభిమానులతో పాలకులు మెలిగిన తీరే ఏ-లీగ్ కథలో నన్ను అన్నింటికన్నా కలవరపెట్టేది. 2015 నవంబరులో స్టేడియాల నుంచి నిషేధానికి గురైన 198 మంది పేర్లను, ఫోటోలను ఒక పత్రిక అచ్చువేసింది. ఆ నిషేధాలపై అప్పీలు చేసుకునే సరైన పద్ధతి అప్పటికి లేదు. వాండరర్స్, మెల్‌బోర్న్ విక్టరీ వంటి క్లబ్బుల అభిమానులు ఆట మధ్యలో లేచి వెళ్లిపోయి, తర్వాత మ్యాచ్‌లను బహిష్కరించి ఒత్తిడి తెస్తేగానీ అప్పీలు పద్ధతి రాలేదు. 2022 డిసెంబరులో లీగు నిర్వాహకులు మరో అడుగు వేశారు. పట్టికలో పై స్థానంలో నిలిచిన జట్టు సొంత మైదానంలో జరగవలసిన గ్రాండ్ ఫైనల్‌ను, అంటే ఛాంపియన్‌ను తేల్చే మ్యాచ్‌ను, మూడు సీజన్ల పాటు సిడ్నీకే కట్టబెడుతూ న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ పర్యాటక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. అయిదు రోజులకే ఏఏఎంఐ పార్కులో జరిగిన మెల్‌బోర్న్ డెర్బీలో, అంటే ఆ నగరపు రెండు జట్లు విక్టరీ, సిటీల మధ్య మ్యాచ్‌లో, కొందరు విక్టరీ అభిమానులు పచ్చికలోకి దూసుకొచ్చారు. మంటలు ఆర్పడానికి పెట్టిన ఇసుక డబ్బా తగిలి సిటీ గోల్‌కీపర్ టామ్ గ్లోవర్ ముఖం చీలింది, మ్యాచ్ అక్కడే ఆగిపోయింది. ఆ దాడిని ఏ కోపమూ సమర్థించదు. విక్టరీ క్లబ్బుకు 5,50,000 డాలర్ల దండన పడింది, పడవలసిందే. అయితే శాంతియుతంగా బయటికి నడిచిన మిగతా అభిమానుల నిరసనను కూడా ఆ డబ్బాతో పాటే కొట్టిపారేయడం నాకు సబబుగా తోచలేదు.

చివరకు 2023 అక్టోబరులో ఆ ఒప్పందం రద్దయింది. దాని ఫలితాన్ని గాస్‌ఫోర్డ్ పట్టణం చవిచూసింది. సిడ్నీకి ఉత్తరాన నీటి ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణంలో సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్ స్టేడియానికి ఒకవైపు స్టాండే ఉండదు. అక్కడ తాటిచెట్ల వరుస, దాని వెనుక పడవలు కనిపిస్తాయి. 2024 మే నెలలో ఒమన్‌లో ఆసియా క్లబ్బుల రెండో శ్రేణి పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్పు గెలిచి వచ్చిన మెరైనర్స్, అదే నెలాఖరులో సొంత గడ్డ మీద విక్టరీని అదనపు సమయంలో 3–1 తేడాతో ఓడించి ఛాంపియన్లయ్యారు. ఆ ఊరిలో గ్రాండ్ ఫైనల్ జరగడం అదే మొదటిసారి. పెద్ద నగరాల క్లబ్బులతో పోలిస్తే ఖర్చుపెట్టగలిగింది తక్కువే అయినా, ఊరంతా ఒకే జట్టు రంగు వేసుకునే చోట ఫైనల్ ఎలా ఉంటుందో ఆ రోజు దేశం చూసింది. ఒప్పందం కొనసాగి ఉంటే ఆ మ్యాచ్ అక్కడ జరిగేది కాదు.

2025 వరకు పాత క్లబ్బులకు మిగిలిన ఒకే కిటికీ 2014లో మొదలై ఇప్పుడు ఆస్ట్రేలియా కప్పుగా పిలుస్తున్న నాకౌట్ పోటీ. 2022లో క్రొయేషియా వలసదారుల క్లబ్బు సిడ్నీ యునైటెడ్ 58 ఫైనల్‌కు చేరింది. ఏ-లీగ్‌కు బయటి క్లబ్బు అంతదూరం రావడం అదే ప్రథమం. ఆ రాత్రి స్టాండ్లలో కొందరు ఫాసిస్టు వందనం చేసి క్లబ్బు పరువు తీశారు. వలస క్లబ్బుల పట్ల ప్రేమ ఉన్నవారు ఈ మచ్చను దాచకూడదు, అలాంటివారికి గేటు దగ్గరే అడ్డుపడే బాధ్యత ఆ క్లబ్బులదే. 2025లో, మెల్‌బోర్న్‌లోని 1956 ఒలింపిక్ గ్రామం పక్కన ఆడే హైడెల్‌బర్గ్ యునైటెడ్ ఏ-లీగ్ జట్లను ఓడించి ఫైనల్‌కు చేరి, న్యూకాజిల్ జెట్స్ చేతిలో అదనపు సమయంలో ఓడింది.

అదే ఏడాది అక్టోబరులో 16 క్లబ్బులతో ఆస్ట్రేలియన్ ఛాంపియన్‌షిప్ మొదలైంది. సౌత్ మెల్‌బోర్న్, ప్రెస్టన్ లయన్స్, మార్కోని, ఆపియా లైఖార్ట్, సిడ్నీ ఒలింపిక్ వంటి పేర్లు ఇరవై ఏళ్లకు పైగా విరామం తర్వాత మళ్లీ జాతీయ పోటీ పట్టికలో కనిపించాయి. అయితే అది రాష్ట్ర లీగులు ముగిశాక జరిగే కొద్ది వారాల పోటీ మాత్రమే, గెలిచిన క్లబ్బుకు ఏ-లీగ్‌లోకి దారి లేదు. వెస్టర్న్ యునైటెడ్ తప్పుకోవడంతో ఏ-లీగ్ 2025–26 సీజన్‌ను 12 జట్లతో మొదలుపెట్టింది. ఆ ఖాళీని మరో పెట్టుబడిదారుడి హామీతో నింపకుండా, ఆస్ట్రేలియన్ ఛాంపియన్‌షిప్‌ను ఏడాది పొడవునా సాగే రెండో డివిజన్‌గా పెంచి, దాని విజేతకు ఆ చోటు ఇవ్వాలన్నది నా కోరిక. తగినంత స్టేడియం, మూడేళ్ల లెక్కలు, పిల్లల జట్లు ఉండాలని షరతులు పెట్టవచ్చు. వాటిని అందుకోగల క్లబ్బులు మెల్‌బోర్న్‌లోనూ సిడ్నీలోనూ ఈ రోజే ఉన్నాయి.