మా లంకలో రేసు గుర్రం

రేపు జనవరి 1. మా గుర్రం గౌరికి 13 ఏళ్లు. నిజానికి అది పుట్టింది 2013 మార్చిలో, పుణె దగ్గర గుర్రాల్ని ఈనించి పెంచే ఒక స్టడ్ ఫారంలో. కానీ మన దేశంలో రేసు గుర్రం ఏ నెలలో పుట్టినా, లెక్కలో వయసు పెరిగేది జనవరి 1నే. అందుకే ఫారాల వాళ్లు ఏడాది మొదట్లోనే ఈనేలా చూసుకుంటారట. రెండేళ్ల గుర్రాల పందెంలో రెండు నెలల తేడా కూడా తేడానే.

గౌరి పుట్టడం మా బాబాయి చూడలేదు. మలక్‌పేట రేసుకోర్సుకు వచ్చాకే అది ఆయన చేతికొచ్చింది. అంతకుముందు ఆయన పుణెలోనే ఆరేళ్లు సైసుగా, అంటే గుర్రాలు చూసుకునే మనిషిగా, చేశాడు కాబట్టి ఈతలు చాలా చూశాడు. గుర్రం పదకొండు నెలలు మోసి, ఎక్కువగా రాత్రిపూటే ఈనుతుంది. "మనం టీకి వెళ్లేదాకా ఆగుతుందిరా" అంటాడు. పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు పట్టుకోవాలి. లేచి నిలబడితే నాలుగు వెదురు గడల మీద గుమ్మడికాయ పెట్టినట్టు ఉంటుందట.

ఆరు నెలలకు తల్లి నుంచి విడదీస్తారు. ఏడాదిన్నరకు కళ్లెం, జీను. రెండేళ్లకు పందెం. గౌరి ఐదేళ్ల వయసు దాకా పరిగెత్తింది.

నాకు చెప్పాలనిపించేది దాని ఎడమ ముంగాలి గురించి. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, దాని వెనక తాడులాంటి టెండన్, అంతే. 450 కిలోల ఒళ్లు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, బరువంతా ఒక్క కాలి మీద పడే క్షణం ఒకటి ఉంటుంది. 2018లో ఒక పొద్దున ప్రాక్టీసులో ఆ తాడులో కొన్ని పోగులు తెగాయి. ఇప్పటికీ పక్క నుంచి చూస్తే అక్కడ విల్లులా వంపు కనబడుతుంది. నేను రోజూ పొద్దున్నే అరచేతితో ఆ చోటు తడుముతాను. చల్లగా ఉంటే సరే, వెచ్చగా ఉంటే ఆ రోజు పని లేదు.

గుర్రం పాతికేళ్లు బతుకుతుంది. పందెం ఐదారేళ్లలో అయిపోతుంది. మిగతా కాలమంతా దాన్ని ఎవరు మేపాలి? కొన్ని పిల్లల్ని ఈనడానికి ఫారాలకు వెళ్తాయి, కొన్ని రైడింగ్ స్కూళ్లకు. మిగిలినవాటిని తలుచుకుని బాబాయి అన్నం మానేసిన రోజులున్నాయి. ఓనరు ఇచ్చేస్తాననగానే 2019లో గౌరిని లారీ ఎక్కించుకుని గోదావరిలోని మా లంకకు తెచ్చేశాడు.

వచ్చిన కొత్తలో తప్పు నేనే చేశాను. బాబాయి కూతురి పురుడుకి వెళ్తే, రెండు నెలలకు పైగా మేత నేను చూశాను. గేదెలకు పెట్టినట్టే దీనికీ పూటపూటా తవుడు కలిపాను. ఇష్టంగా తినేది కూడా. తర్వాత ఒక రోజు ఈ కాలు, ఇంకో రోజు ఆ కాలు ఈడ్చడం మొదలుపెట్టింది. ముఖం ఎముక కాస్త ఉబ్బినట్టు అనిపించింది. డాక్టరుగారు వచ్చి చూసి చెప్పారు: తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే పనిగా పెడితే ఆ లోటు తీర్చడానికి ఒళ్లు ఎముకల్లోని కాల్షియాన్నే లాగేస్తుంది. తవుడు ఆపేసి పిల్లిపెసర, కాల్షియం పొడి పట్టాం. కుదుటపడడానికి నెలలు పట్టింది. గుర్రం పెంచుకుందామనుకునే డెల్టా రైతులకు ఈ ఒక్కటీ తప్పకుండా చెప్తాను.

పరుగు నేర్చినదానికి నడక నేర్పడం మరో కష్టం. వెనక మోటార్ సైకిల్ శబ్దం వస్తే చాలు, పందెంలో గేటు తెరిచినట్టే దూసుకుపోయేది. పెళ్లి ఊరేగింపులకు అడిగారు, బాణసంచాకు భయపడుతుందని ఇవ్వలేదు. ఏడాదిన్నర పాటు బాబాయి తాడు పట్టుకుని ఏటి ఇసుకలో నడిపించాడు. పది అడుగులు, ఆగు. మళ్లీ పది అడుగులు, ఆగు. మేత మాత్రం ఇసుక మీద వెయ్యం. గడ్డితోపాటు ఇసుక లోపలికి పోతే కడుపునొప్పి వస్తుంది, గుర్రం వాంతి చేసుకోలేదు.

2022 జూలై వరదకి ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక రాకముందే దాన్ని ఏటిగట్టు మీదికి చేర్చాం. అక్కడే, టార్పాలిన్ల మధ్య, మొదటిసారి పిల్లలు దాని దగ్గరకొచ్చారు. ఒక పాప "ఇది కరుస్తుందాండి?" అని అడుగుతూనే అరటిపండు చాపింది. గౌరి తలదించి తొక్కతో సహా తీసుకుంది.

ఇప్పుడు ఆదివారాలు ఆరుగురు పిల్లలు వస్తారు. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి ఇసుకలో తిరుగుతారు. ఆ పాపకిప్పుడు తొమ్మిదేళ్లు. ఎక్కే ముందు ఎడమకాలు తడిమి "చల్లగానే ఉందండి" అని నాకు చెప్పి ఎక్కుతుంది.